ఆపరేషన్ సక్సెస్ అన్నారు... ఆ తర్వాత వార్డులో మన పని ఏంటి?

మన సినిమాల్లో ఆపరేషన్ థియేటర్ మీద ఎర్ర లైటు ఆరిపోతుంది, డాక్టర్ బయటికొచ్చి కళ్లద్దాలు తీసి "షి ఈజ్ అవుట్ ఆఫ్ డేంజర్" అంటాడు, తర్వాత సీన్‌లో హీరోయిన్ ఇంట్లో పూలు కట్టుకుంటా ఉంటుంది. మధ్యలో వార్డులో గడిచే వారం రోజుల్ని ఏ డైరెక్టరూ చూపించడు. ఈ ఎపిసోడ్ ఆ వారం గురించే. భార్యకో భర్తకో ఆపరేషన్ అయితే, ఆ మొదటి రోజుల్లో పక్కనుండే మనిషి ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎందుకు.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ ఈసీఈ, తర్వాత నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్, ఇప్పుడు మీ ముందు ఇట్ల వీడియోలు. మీ పేషెంట్ విషయంలో మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్. నేను చెప్పేది, ఆయన చెప్పింది మీకు సరిగ్గా అర్థం కావడానికి.

మాది తిరుచానూరు. పోయిన కార్తీక బ్రహ్మోత్సవాల టైములో మా ఆవిడకి అపెండిక్స్ పగిలింది. మా ఊరి సంగతి తెలిసినోళ్లకి తెలుసు, చివరి రోజు పంచమీ తీర్థం, పద్మ సరోవరంలో మునగడానికి లక్షల మంది వస్తారు. ప్రతి ఇంట్లో చుట్టాలే. మా ఇంట్లో పదకొండు మంది. ఆమె రెండు రోజులు కడుపునొప్పిని "ఏదో గ్యాస్‌లే" అనుకుని అందరికీ వంట చేసింది. మూడో రోజు రాత్రి తిరుపతిలో ఆస్పత్రికి తీసుకుపోయాం. కీహోల్ ఆపరేషన్, పొట్ట మీద మూడు చిన్న రంధ్రాలు, లోపల చీము కడిగి, ఒక డ్రైన్ పైపు పెట్టారు. ఐదారు రోజుల్లో ఇంటికి పోవచ్చు అన్నారు. పది రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో కూడా చెప్తాను, అక్కడే అసలు విషయం ఉంది.

థియేటర్ నుంచి బయటికి తెచ్చిన మొదటి గంటలు చూడటానికి భయంగా ఉంటాయి. మనిషి గజగజా వణుకుతా ఉంటుంది. మత్తు ఇచ్చినప్పుడు శరీరం వేడిని పట్టుకునే శక్తి తగ్గుతుంది, థియేటర్ ఏసీ చలి వేరే. దుప్పటి అడిగి కప్పండి, సిస్టర్‌కి చెప్పండి. గొంతు నొప్పి అంటుంది, ఎందుకంటే శ్వాస కోసం గొంతులో గొట్టం వేసి తీసుంటారు. ఏదేదో మాట్లాడుతుంది, అడిగిందే నాలుగుసార్లు అడుగుతుంది. ఆ టైములో డాక్టర్ ఆమెకి ఏం చెప్పినా తర్వాత గుర్తుండకపోవచ్చు. కాబట్టి వినాల్సింది మీరు. ఫోన్‌లో రాసుకోండి: ఏ ఆపరేషన్ చేశారు, ఎన్ని పైపులున్నాయి, ఏది ఎప్పుడు తీస్తారు, నోటికి నీళ్లు ఎప్పటి నుంచి. ఈ నాలుగు అడిగితే మొదటి రాత్రికి చాలు.

"దాహం, దాహం" అని ఏడుస్తుంది. మన గుండె కరిగిపోతుంది. అయినా డాక్టర్ చెప్పేదాకా చుక్క కూడా వద్దు. మత్తు పూర్తిగా దిగకముందు వాంతి అయితే, అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తడి దూదితో పెదాలు తుడవొచ్చా అని సిస్టర్‌ని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. ఒంట్లోకి నీళ్లు సెలైన్ రూపంలో పోతానే ఉంటాయి, ఎండిపోతాదని కంగారు పడొద్దు.

ఇంక మర్నాడు పొద్దున మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "పొట్ట కోసినారు సరే, నాకు భుజం ఎందుకు నొస్తాంది?" మా అత్త అయితే టేబుల్ మీద పడుకోబెట్టేటప్పుడు చెయ్యి మెలిపెట్టినారనే అనుకుంది. ఇది ఈసీఈ వాళ్లకి నచ్చే విషయం, వినండి. కీహోల్ ఆపరేషన్‌లో లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. అయిపోయాక తీసేస్తారు గానీ కొంచెం మిగులుతుంది. అది పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని చికాకు పెడుతుంది. ఆ డయాఫ్రమ్‌కి పోయే నరం పుట్టేది పొట్టలో కాదు, మెడలో. భుజం నుంచి వచ్చే నరాలు కూడా మెడలో అదే చోట కలుస్తాయి. అంటే ఒకే కేబుల్‌లో రెండు లైన్లు. సిగ్నల్ డయాఫ్రమ్ నుంచి వస్తే, మెదడు భుజం నుంచి వచ్చిందనుకుంటుంది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, నడిస్తే ఇంకా తొందరగా. అయితే ఆయాసం, ఛాతీ నొప్పి కూడా కలిస్తే అది గ్యాస్ కథ కాదు, వెంటనే సిస్టర్‌ని పిలవాలి.

నడవడం గురించి. మన ఇళ్లలో ఆపరేషన్ అంటే "కదలొద్దు, పడుకో" అనేదే ప్రేమ. ఒకప్పుడు డాక్టర్లు కూడా అట్లనే అనేవాళ్లు, రెండేసి వారాలు మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. 1899లో చికాగోలో ఎమిల్ రీస్ అనే సర్జన్ పేషెంట్లని తొందరగా లేపాలని రాస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1940ల మొదట్లో డెట్రాయిట్‌లో డేనియల్ లీట్‌హౌజర్ అనే ఇంకో సర్జన్ ఇదే మాట గట్టిగా చెప్పాడు, అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం, ఆస్పత్రుల్లో మంచాలు చాలని రోజులు, అప్పుడు పాటించడం మొదలైంది. 1990లలో డెన్మార్క్‌లో హెన్రిక్ కెహ్లెట్ దీన్ని ఒక పద్ధతిగా మార్చాడు: నొప్పి బాగా తగ్గించు, తొందరగా లేపు, తొందరగా తినిపించు, పైపులు తొందరగా తీసెయ్. ఈ రోజు మీ డాక్టర్ "సాయంత్రం నడిపించండి" అంటున్నాడంటే ఆయనకి జాలి లేక కాదు.

పడుకునే ఉంటే ఏమవుతుంది? రెండు ముఖ్యమైనవి చెప్తాను. ఒకటి, కాళ్లలో రక్తం నెమ్మదించి గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మంచం మీద ఉన్నప్పుడు కూడా పాదాల్ని పైకీ కిందికీ, కారు యాక్సిలరేటర్ తొక్కినట్టు, గంటకోసారి పది పదిహేనుసార్లు ఆడించమనండి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి నెడుతుంది. ఇక్కడే మన వాళ్లకి ఒక హెచ్చరిక. చుట్టాలొస్తారు, "పాపం కాళ్లు గుంజుతున్నాయంట" అని నూనె తెచ్చి పిసకడం మొదలుపెడతారు. ఒక కాలు మాత్రమే వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే దాన్ని అసలు పిసకొద్దు. గడ్డ ఉంటే కదిలిపోవచ్చు. డాక్టర్‌కి చూపించండి.

రెండోది ఊపిరితిత్తులు. మత్తులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోతాయి. తర్వాత నొప్పికి భయపడి పేషెంట్ పైపైన ఊపిరి తీసుకుంటుంది, దగ్గదు. కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా రావచ్చు. అందుకే మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇస్తారు, స్పైరోమీటర్ అంటారు. వార్డులో నేను గమనించింది, సగం మంది దాన్ని బెలూన్ ఊదినట్టు ఊదుతున్నారు. ఊదేది కాదు అది, పీల్చేది. ముందు ఊపిరి మొత్తం వదిలి, గొట్టాన్ని పెదాలతో పట్టుకుని, నిదానంగా లోపలికి పీల్చాలి. డబ్బా మీద 600, 900, 1200 అని ఉంటాయి, సెకనుకి ఎన్ని మిల్లీలీటర్ల గాలి లాగితే ఆ బంతి లేస్తుందో ఆ లెక్క. మొదటి రోజు ఒక్క బంతే లేచినా పర్వాలేదు. లేచిన బంతిని రెండు మూడు సెకన్లు నిలపడం ముఖ్యం. మా ఆవిడకి రెండో బంతి లేచినప్పుడు పక్క బెడ్ అవ్వ చప్పట్లు కొట్టింది. దగ్గేటప్పుడు ఒక దిండు పొట్టకి అదిమి పట్టుకోమనండి, కుట్ల మీద లాగడం తగ్గి సగం నొప్పి పోతుంది.

మంచం దిగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. వెల్లకిలా పడుకున్న మనిషిని చేతులు పట్టుకుని సూటిగా లాగి లేపొద్దు, పొట్ట కండరాలన్నీ ఒక్కసారిగా బిగుస్తాయి. ముందు పక్కకి తిరగాలి, మోకాళ్లు మడవాలి, కాళ్లు మంచం కిందికి దించుతూ అదే టైములో మోచేత్తో నెట్టి లేవాలి. లేచాక ఒక నిమిషం అట్లే కూర్చోనివ్వండి. బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోయేది ఎక్కువగా ఆ మొదటి నిమిషంలోనే. మీరు ముందు కాదు, పక్కన నిలబడండి. మూత్రం బ్యాగు ఉంటే పొట్ట కంటే కిందే పట్టుకోండి. పైకెత్తితే బ్యాగులోది వెనక్కి లోపలికి పోతుంది, ఇన్ఫెక్షన్. నేల మీద పెట్టడం కూడా వద్దు.

మూత్రం పైపు తీసేశాక ఒక చిన్న లెక్క పెట్టుకోండి. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మూత్రం రాకపోయినా, పొత్తికడుపు బిగుసుకున్నా చెప్పాలి. మత్తు వల్ల కొందరికి ఆగిపోతుంది. సిగ్గుపడి చెప్పరు, మీరే అడగాలి.

సిగ్గు అంటే గుర్తొచ్చింది. పెళ్లై రెండేళ్లయినా మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోని విషయం ఒకటి ఆ వారంలో మా ఇంటి మొత్తానికీ జాతీయ సమస్య అయ్యింది. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చిన ప్రతిసారీ అడిగే ప్రశ్న: "గాలి పోయిందా అమ్మా?" మా మామ, మా అన్న, బెంగుళూరు నుంచి ఫోన్‌లో మా చిన్నాన్న, అందరూ అదే. నవ్వొస్తుంది గానీ కారణం ఉంది. పొట్టలో ఆపరేషన్ జరిగితే పేగులు అలిగి పని ఆపేస్తాయి. చిన్నపేగు కొన్ని గంటల్లోనే కదులుతుంది, జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకి రెండు మూడు రోజులు. గాలి పోయిందంటే చివరి దాకా లైన్ క్లియర్ అయినట్టు. అంతకుముందే కడుపు నిండా పెడితే పొట్ట ఉబ్బుతుంది, వాంతులు. నడిస్తే, నొప్పి మందుల్లో మత్తు రకం తక్కువైతే పేగులు తొందరగా లేస్తాయి. చూయింగ్ గమ్ నమలమని కొందరు డాక్టర్లు చెప్తారు, తింటున్నామని పేగుల్ని మోసం చేయడం అన్నమాట. మీ డాక్టర్ సరే అంటేనే.

మూడో రోజు మధ్యాహ్నం, అత్త పరిగెత్తుకుంటా బయటికొచ్చి, కారిడార్‌లో అందరి ముందర "అల్లుడూ, పోయింది!" అని అరిచింది. పక్కనున్నోళ్లు ఎవరో పోయారేమోనని లేచి నిలబడినారు.

అత్త ఎందుకు లోపల, నేను ఎందుకు బయట? ఇది చాలామంది మొగుళ్లకి ఎదురయ్యే విషయం. ఆడవాళ్ల వార్డులో రాత్రిపూట మగ అటెండర్లని ఉంచరు, చాలా చోట్ల ఇదే రూలు, అది సరైన రూలే కూడా. పక్క బెడ్డుల్లో ఉన్న ఆడవాళ్లకీ మర్యాద కావాలి కదా. మరి నాకు తెలిసినవన్నీ రాత్రి అత్తకి ఎట్ల ఉపయోగపడాలి? ఆమెకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వినడం వచ్చు, టైపింగ్ రాదు. అందుకని ఒక తెల్ల కాగితం తీసుకుని ఐదు గళ్లు గీశాను: టైము, జ్వరం, నాడి, మూత్రం, నొప్పి. జ్వరం సిస్టర్ చూసి చెప్పిన నంబరు. నాడి మణికట్టు దగ్గర ఎట్ల లెక్కపెట్టాలో నేర్పించాను, గోడ గడియారం చూస్తా ఒక నిమిషం. అత్త మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు లెక్కపెట్టిన మనిషి, ఆమె లెక్క తప్పదు.

ఇట్ల ఇంటివాళ్లకి నేర్పించడం నా తెలివి ఏమీ కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కొందరు క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టి, నూరా హెల్త్ అనే సంస్థ పెట్టారు. కర్ణాటకలో డాక్టర్ దేవి శెట్టి నారాయణ ఆస్పత్రుల్లో, వార్డు బయట గంటలు గంటలు ఖాళీగా కూర్చునే బంధువుల్ని చూసి వాళ్లకొచ్చిన ఆలోచన అది. ఈ మనుషులకి ప్రేమ ఉంది, టైము ఉంది, లేనిది సమాచారం. నర్సులతోనే వాళ్లకి క్లాసులు చెప్పించడం మొదలుపెట్టారు. తిరుపతిలో రుయా ముందర గానీ, స్విమ్స్ చెట్ల కింద గానీ, బర్డ్ ఆస్పత్రి గేటు దగ్గర గానీ పొద్దున పూట చూడండి, కడప నుంచి, మదనపల్లె నుంచి, పలమనేరు నుంచి వచ్చినోళ్లు క్యారియర్లు పెట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్లలో సగం మందికి ఆ ఐదు గళ్ల కాగితం ఇస్తే ఎట్లుంటుందా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నొప్పి గడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. సున్నా నుంచి పదిలో ఎంత అని సిస్టర్లు అడుగుతారు. మా ఆవిడ ప్రతిసారీ "రెండు" అనేది. రెండు అని చెప్పి, పళ్లు బిగబట్టి, ఊపిరి పైపైన తీసుకునేది. మన ఆడవాళ్లకి నొప్పి ఓర్చుకుంటే గొప్ప అని చిన్నప్పటి నుంచి నూరిపోశాం. కాబట్టి నంబరు అడగొద్దు. "దగ్గగలవా? పక్కకి తిరగగలవా? బాత్రూం దాకా నడవగలవా?" అని అడగండి. లేదు అంటే నొప్పి మందు చాలట్లేదని అర్థం, డాక్టర్‌కి చెప్పాలి. నొప్పి మందు బలహీనుల కోసం కాదు, ఆమె దగ్గడానికీ నడవడానికీ. నడిపించే అరగంట, ముప్పావు గంట ముందు డోసు పడేలా సిస్టర్‌తో మాట్లాడుకుంటే నడక సులువు. సొంతంగా మాత్రం మీ జేబులోంచి డోలో తీసి ఇవ్వొద్దు. సెలైన్‌లో ఎక్కించే నొప్పి మందు కూడా చాలాసార్లు అదే పారాసిటమాల్. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటితే లివర్‌కి దెబ్బ, బరువు తక్కువున్న వాళ్లకి ఆ పరిమితి ఇంకా తక్కువ.

ఇప్పుడు చుట్టాల సంగతి. పంచమీ తీర్థం ముగించుకుని, తడి బట్టలు మార్చుకుని, మా ఇంట్లో దిగినోళ్లందరూ నేరుగా ఆస్పత్రికి. వాళ్ల ప్రేమని తప్పు పట్టను. కానీ ఆమె అప్పుడే నిద్ర పట్టి పడుకుంది. గేటు దగ్గర నేనే నిలబడి, "నిద్రపోతా ఉంది పెద్దమ్మా, లేచినాక వీడియో కాల్ చేపిస్తా" అని అందర్నీ టీ కొట్టుకి తీసుకుపోయాను. పేషెంట్ నోటితో "రావద్దు" అనిపించకండి, ఆ చెడ్డ పేరు మీరు మోయండి. వచ్చినోళ్లు చేతులు కడుక్కోవాలి, మంచం మీద కూర్చోకూడదు, జలుబున్నోళ్లు లోపలికి రాకూడదు, అంతే.

వాళ్లు తెచ్చినవి: తిరుమల లడ్డు, అమ్మవారి ప్రసాదం, ఇంట్లో చేసిన వడలు. నెయ్యి, పిండి, నూనె. పేగులు అప్పుడే కదులుతున్న మనిషికి ఇవి బరువు. ప్రసాదం వద్దంటే అపచారమని పెద్దవాళ్ల బాధ. మా ఆవిడే దానికి దారి చూపించింది, కళ్లకద్దుకుని, "అత్తా, బాక్సులో పెట్టు, ఇంటికి పోయినాక మొదట ఇదే తింటా" అనింది. లడ్డు అన్ని రోజులు ఆగుతుంది.

ఇంకోటి, "పప్పు తింటే చీము పడుతుంది". ఇది మీ ఇంట్లో కూడా విని ఉంటారు. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు, వంకాయ వద్దు, చివరికి మిగిలేది మిరియాల చారన్నం. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కోసిన చోట కొత్త కండ పట్టాలంటే కావాల్సిందే ప్రొటీన్, మనకి అది చౌకగా దొరికేది పప్పులో, గుడ్డులో, పెరుగులో. డాక్టర్ మామూలు తిండి పెట్టొచ్చు అన్నాక ఇవి ఆపొద్దు. అయితే అత్తతో వాదనకి దిగి లాభం లేదు. నేను డైటీషియన్ మేడమ్ దగ్గరికి అత్తనే తీసుకుపోయి, ఆమెతోనే అడిగించాను. మేడమ్ చెప్పింది కాబట్టి అత్తకి మర్యాదా పోలేదు, మా ఆవిడకి కందిపప్పు కట్టు దొరికింది, తర్వాత రాగి జావ, మజ్జిగ, ఇడ్లీ.

ఐదో రోజు. మర్నాడు డిశ్చార్జ్ అన్నారు, మేమంతా సంచులు సర్దుకుంటున్నాం. సాయంత్రం మా ఆవిడ చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. పొద్దున్నుంచీ నాలుగైదుసార్లు బాత్రూంకి పోయింది, కొంచెం కొంచెం నీళ్లలాగా. ఇన్నాళ్లు మోషన్ కోసం ఎదురుచూసినం కదా, అందరూ మంచిదే అనుకున్నారు. మా పెద్దమ్మ దిష్టి అనింది. అత్త మాత్రం కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నాడి గడిలో నాలుగు రోజులుగా 82, 84, 80 ఉన్నది, ఆ రోజు మధ్యాహ్నం 98, సాయంత్రం 112. జ్వరం 99, తర్వాత 101. "అంకెలు మారినాయి నాయనా" అనింది.

ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం రావడం మామూలే, శరీరం గాయానికి స్పందించడం అది. తగ్గిపోయిన జ్వరం మూడో రోజు తర్వాత మళ్లీ వస్తే, 100.4 దాటితే, నాడి విశ్రాంతిలో కూడా 100 పైన ఉంటే, తగ్గుతా వచ్చిన నొప్పి మళ్లీ పెరిగితే, కారణం వెతకాలి. పగిలిన అపెండిక్స్‌లో ఎంత కడిగినా కొందరిలో మిగిలిన క్రిములు కటి భాగంలో, అంటే పొట్టలో అన్నిటికన్నా కింద ఉండే గుంటలో చేరి చీముగడ్డ కడతాయి. అది పెద్దపేగు చివరి భాగాన్ని ఆనుకుని ఉంటుంది, అందుకే మాటిమాటికీ మోషన్ వచ్చినట్టు అనిపిస్తుంది. మేము మంచిదనుకున్నది దాని గుర్తు.

డ్యూటీ డాక్టర్‌కి చెప్పేటప్పుడు "డాక్టర్, ఆమె ఎట్లనో ఉంది" అంటే ఆయన ఏం చేయగలడు? ఆయనకి యాభై మంది పేషెంట్లు. నేను ఆఫీసులో రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పినట్టే చెప్పాను: "బెడ్ నంబర్ ఇది, పగిలిన అపెండిక్స్, ఐదో రోజు. నాడి 80 నుంచి 112కి పోయింది, జ్వరం 101, పొద్దున్నుంచి ఐదు విరేచనాలు, నొప్పి నిన్నటి కంటే ఎక్కువ. ఒకసారి చూస్తారా?" కాగితం చూపించాను. ఆయన కాగితం చూసి, పొట్ట నొక్కి చూసి, పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేశాడు. రాత్రికే సీటీ స్కాన్. చీముగడ్డ. మర్నాడు పొద్దున స్కాన్‌లో చూస్తా సన్నని పైపు పెట్టి తీశారు, యాంటీబయాటిక్ మార్చారు. రెండో ఆపరేషన్ అవసరం రాలేదు.

ఆ రాత్రి ఆమె ఏడ్చింది. నొప్పికి కాదు. "ఇంక ఇంటికి పోతానో లేదో" అనింది. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అని నా నోటిదాకా వచ్చింది. ఆ మాట ఆమె ఐదు రోజులుగా అందరి దగ్గరా వింటానే ఉంది. నేను స్కాన్‌లో ఏముందో, పొద్దున ఏం చేస్తారో, ఎంతసేపు పడుతుందో, ఎక్కడ మత్తు ఇస్తారో డాక్టర్ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. వినింది. "మధ్యలో నొప్పి అయితే?" అనింది. "చెప్పు, ఆపుతారంట" అన్నాను. కాసేపటికి "నా తల దువ్వు" అనింది. ఐదు రోజుల చిక్కు. సిస్టర్ గడియారం చూసి, ఏమీ అనకుండా ఇంకో అరగంట ఉండనిచ్చింది.

మీ గురించి కూడా. పక్కనుండే మనిషి తినకుండా, నిద్రపోకుండా మూడు రోజులకి మించి పనికిరాడు. వంతులు వేసుకోండి. వంతు మారేటప్పుడు ఆ కాగితం చేతికిచ్చి రెండు నిమిషాలు చెప్పి పోండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద చేరితే, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. ఇంటికిచ్చే మందులు, మళ్లీ చూపించుకోవడం ప్యాకేజీలో ఉన్నాయా అని డిశ్చార్జ్‌కి ముందే అడగండి. పథకం సందేహాలకి 104. ఇంటికి పోయాక పరిస్థితి విషమిస్తే అంబులెన్సుకి 108, ఇది అందరికీ తెలుసు.

డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చాక గేటు దాటకముందే చదవండి. ఏ మందు ఎన్ని రోజులు, డ్రెస్సింగ్ ఎప్పుడు, కుట్లు కరిగేవా తీసేవా, స్నానం ఎప్పటి నుంచి, ఎంత బరువు ఎత్తొచ్చు. మన దగ్గర బిందె, గ్యాస్ సిలిండర్, చంటిబిడ్డ, ఇవన్నీ బరువులే, పేర్లు చెప్పి అడగండి. జ్వరం, కుట్ల నుంచి చీము, ఆగని వాంతులు, ఒక కాలు వాపు, ఆయాసం, వీటికి రివ్యూ తేదీ దాకా ఆగొద్దు. ఇంటికి బైక్ మీద తీసుకుపోవద్దు, మా తిరుచానూరు రోడ్డు స్పీడ్ బ్రేకర్లు మామూలు మనిషికే కష్టం. కారులో, పొట్టకి దిండు అడ్డం పెట్టి, దాని మీదుగా సీటు బెల్టు.

చివరగా చాలామంది వదిలేసేది ఒకటుంది. కోసి తీసిన ముక్కని పరీక్షకి పంపుతారు, బయాప్సీ అంటారు. ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు, ఎవరూ ఫోన్ చేసి గుర్తు చేయకపోవచ్చు. అపెండిక్స్‌లో అరుదుగా చిన్న గడ్డ బయటపడుతుంది, అది తెలిసేది ఆ కాగితంలోనే. డిశ్చార్జ్ రోజే ఎప్పుడు వస్తుంది, ఏ కౌంటర్‌లో ఇస్తారు అని రాసుకోండి. మాది పన్నెండో రోజు వచ్చింది. వాపు, పగులు, ఇంకేమీ లేదు. ఫైల్లో అత్త కాగితం పక్కనే పెట్టాను. లడ్డు అప్పటికే అయిపోయింది.